ది హైవ్స్ కొత్త ఆల్బమ్ గోలేనా? ఒక బేస్ గిటార్ వాయించేవాడి జవాబు

ప్రశ్న ఏమిటో ముందు రాసేస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. విశాఖలో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, మా రూమ్మేట్ ఎప్పుడు చూసినా స్వీడన్ పంక్ బ్యాండ్ ది హైవ్స్ కొత్త ఆల్బమే పెడుతున్నాడు. నాకు మూడో పాటకే తలనొప్పి వచ్చేసింది. పాటలన్నీ ఒకేలా ఉన్నాయి, పాడేవాడు అరుస్తున్నాడు. వాడేమో మాస్టర్‌పీస్ అంటాడు. నాకు అర్థం కాక గోలలా ఉందా, లేక నిజంగానే గోలా? ఇంకో డౌట్. స్వీడన్‌లో అందరూ హాయిగా బతుకుతారు కదా, వాళ్ళకి పంక్ ఎందుకు?"

తమ్ముడూ, గోలే. పంక్ అంటేనే వేగంగా, మొరటుగా, కోపంగా వాయించే రాక్. నీ చెవుల తప్పేమీ లేదు. కాకపోతే అది కొలతలు తీసుకుని, ముప్పై ఏళ్ళు సాధన చేసి చేస్తున్న గోల. ఆ కొలతలు ఒకసారి చెవిన పడితే ఇక వదలవు. పడకపోతే మాత్రం ఎవరెన్ని రివ్యూలు చూపించినా నీకు తలనొప్పే మిగులుతుంది. అందుకని ఈ ఆల్బమ్ గొప్పదా కాదా అన్నది కాసేపు పక్కనపెట్టి, అసలు దాన్ని ఎలా వినాలో చెప్తాను.

నేనెవరో కూడా చెప్పాలి. సంగీత విమర్శకుణ్ణి కాను. స్వీడన్‌లో వెస్టెరోస్ అనే ఊళ్ళో పదమూడేళ్ళుగా ఆటోమేషన్ ఉద్యోగం. వారానికి ఒక సాయంత్రం నలుగురం కలిసి ఒక బిల్డింగ్ సెల్లార్‌లో గ్యారేజ్ రాక్, అంటే నగిషీల్లేని మొరటు రాక్ వాయిస్తాం, నాది బేస్ గిటార్, అంటే కింది స్వరాలు పలికే గిటార్. ది హైవ్స్ సొంత ఊరు ఫాగెర్‌స్టా మా ఊరికి గంట ప్రయాణం. తమాషా ఏమిటంటే, ఆ ఊరి పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్న బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాడు. లోహాన్ని కోసే కార్బైడ్ టిప్పులు వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు ఖాళీ అయ్యాక ఇంటికి తెస్తే నేను వాటిలో చాక్‌పీసు ముక్కలు దాచుకునేవాణ్ణి. సెకో అనే కంపెనీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఫాగెర్‌స్టా, స్వీడన్ అని ఉండేది. ఆ కంపెనీ కేంద్రం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. ఉక్కు మీద బతికిన ఊరు, మొత్తం మున్సిపాలిటీ జనాభా పన్నెండు పదమూడు వేలు. అలాంటి ఊళ్ళోని కుర్రాళ్ళు 1993లో కట్టిన బ్యాండ్ ఇది.

ఇక ఆల్బమ్. పేరు 'ది హైవ్స్ ఫరెవర్ ఫరెవర్ ది హైవ్స్'. 2025 ఆగస్టు 29న వచ్చింది. పదమూడు ట్రాకులు, అందులో ఒకటి పరిచయం, ఒకటి నడిమి విరామం. అన్నీ కలిపి అరగంట మీద కాస్త. ప్రొడ్యూసర్లు ఇద్దరు. ఒకరు పెల్లె గునర్‌ఫెల్ట్, వీళ్ళకి పేరు తెచ్చిన 2000 నాటి 'వెనీ విడి విషస్' ఆల్బమ్ చేసింది ఆయనే. రెండో ఆయన మైక్ డి, అమెరికన్ ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ మనిషి. ర్యాప్ వాళ్ళకి పంక్‌తో ఏం పని అనుకుంటావేమో, బీస్టీ బాయ్స్ న్యూయార్క్‌లో మొదలైందే హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్‌గా. కాబట్టి ఆయనకిది పుట్టింటికి వచ్చినట్టే.

నువ్వు ఫోన్ స్పీకర్‌లో విన్నావా, హాస్టల్ గదిలో మీ వాడి బ్లూటూత్ డబ్బాలో విన్నావా? రెండూ దండగే. ఈ సంగీతంలో ఉన్నవి ఐదు: రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, గొంతు. చిన్న స్పీకర్‌లో గిటార్లూ గొంతూ ఒకే చోట కొట్టుకుంటాయి, బేస్ మాయమైపోతుంది, డ్రమ్స్ రేకు డబ్బా మోతలా వినిపిస్తాయి. మిగిలేది నువ్వు చెప్పిన తలనొప్పే. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

కొత్త ఆల్బమ్ కంటే ముందు ఒక పాత పాట విను, 'హేట్ టు సే ఐ టోల్డ్ యూ సో'. మొదటిసారి గాయకుణ్ణి పట్టించుకోకు. గిటార్ ఎక్కడ మోగుతోందో కాదు, ఎక్కడ ఆగుతోందో చూడు. ఒక ముక్క వాయిస్తుంది, ఠక్కున ఆగుతుంది. ఆగడమంటే తగ్గిపోవడం కాదు, తలుపు వేసినట్టు ఆగడం. ఆ ఖాళీలో గది నిశ్శబ్దం వినిపిస్తుంది. పాట మధ్యలో అందరూ తప్పుకుని బేస్ ఒక్కదాన్నే వదిలేస్తారు, ఆ తర్వాత మళ్ళీ మీద పడతారు. బేస్ వాయించేవాణ్ణి కాబట్టి ఆ చోటంటే నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

ఆ ఆగడం ఎంత కష్టమో వాయించి చూస్తే గానీ తెలియదు. మా బ్యాండ్ మొదటి సంవత్సరం ఇలాంటి పాటే ఒకటి పట్టుకున్నాం. స్వరాలు చూస్తే నాలుగు, ఒక్క గంటలో వచ్చేశాయి. అబ్బో మనకి వచ్చేసిందని ఫోన్‌లో రికార్డు చేసి విన్నాం. నలుగురు మనుషులు ఒకరి వెనుక ఒకరు మెట్ల మీద నుంచి పడుతున్నట్టుంది. ఆగాల్సిన ప్రతి చోటా ఎవడో ఒకడు పావు సెకను ఆలస్యం. నా వేలు తీగ మీద నుంచి లేచిపోయాక కూడా తీగ మోగుతూనే ఉంది. మా డ్రమ్మర్ రిటైరైన స్కూల్ టీచరు, ఓపిక చాలా ఎక్కువ. ఆయన నెల రోజులు మమ్మల్ని పాట వాయించనివ్వలేదు, ఆగడం మాత్రమే సాధన చేయించాడు. తీగని వాయించే చెయ్యి ఒకటైతే ఆపే చెయ్యి ఇంకొకటి, రెండో చేతికే పని ఎక్కువని నాకు అప్పుడు తెలిసింది. మన వైపు డప్పు దళంలో ఇరవై మంది ఒక్కసారిగా దెబ్బ ఆపడం చూసే ఉంటావు. అలాంటి కట్టుబాటే ఇది కూడా.

ఇంకొకటి, గిటార్ కొట్టే తీరు. మామూలుగా పిక్‌తో, అంటే వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న బిళ్ళతో, కిందికీ పైకీ కొడతారు, చెయ్యి తక్కువ అలుస్తుంది. ఈ రకం పంక్‌లో చాలా చోట్ల కిందికి మాత్రమే కొడతారు. ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది, అందుకే శబ్దం గోడలా నిలబడుతుంది. పైకి కొట్టే దెబ్బ సహజంగానే తేలిక, అది కలిస్తే గోడకి బీటలొస్తాయి. వేగంగా రెండు నిమిషాలు కిందికే కొడుతూ ఉంటే ముంజేయి పట్టేస్తుంది. పాటలు చిన్నగా ఉండటానికి అదొక్కటే కారణమని అనను గానీ, నాకు మట్టుకు రెండున్నర నిమిషాల తర్వాత పాట అయిపోతే బాగుండుననిపిస్తుంది.

ఇదంతా చెవికి పట్టాక కొత్త ఆల్బమ్‌కి రా. 'ఎనఫ్ ఈజ్ ఎనఫ్'తో మొదలుపెట్టు. పరిచయం ట్రాక్ తర్వాత అదే మొదటి పాట, ముందుగా విడుదల చేసింది కూడా దాన్నే. చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరి మీదా విసుగెత్తిపోయినవాడి పాట అది. కాస్త బూతు ఉంది, ఇంట్లో స్పీకర్లో పెట్టకు. తర్వాత 'పెయింట్ ఎ పిక్చర్', ఆ తర్వాత 'ఓ.సి.డి.ఓ.డి'. ఈ రెండో దాంట్లో వేగం చూసి ఇది మరీ టూ మచ్ అనుకుంటావు. డ్రమ్స్ ఒక్కటే వింటూ ఇంకోసారి పెట్టు. క్రిస్ డేంజరస్ అనే ఆ డ్రమ్మర్ చేసేది చాలా తక్కువ. అలంకారాలు లేవు, విన్యాసాలు లేవు, గోడ గడియారం లాంటి దెబ్బ. బ్యాండ్‌లో మిగతావాళ్ళ పిచ్చి అంతా ఆయన పిచ్చెక్కకుండా ఉండటం మీదే నిలబడింది.

నాకు బాగా నచ్చింది 'లీగలైజ్ లివింగ్'. రోజూ బతకడానికే అనుమతి తీసుకోవాల్సి వచ్చినట్టుంది, బతకడాన్ని చట్టబద్ధం చేయండి అనే ఆ మాటలో నవ్వూ ఉంది, చిరాకూ ఉంది. చివరికి వచ్చే టైటిల్ పాట జనం చేత గుంపుగా పాడించడానికే కట్టింది. నచ్చనివీ ఉన్నాయి. ఆల్బమ్ రెండో సగంలో 'బార్న్ ఎ రెబెల్' దగ్గర నాకు కాస్త ఊపు తగ్గినట్టనిపిస్తుంది. ఆ పాట బాగోలేదని కాదు, వీళ్ళే ఇంతకుముందు అంతకంటే బాగా చేసిన పనిని మళ్ళీ చేశారనిపిస్తుంది. నడిమి విరామం ట్రాక్ వేడుకగా ఉంటుంది గానీ రెండోసారి వినేటప్పుడు నేను దాటేస్తాను. మీ రూమ్మేట్ మాస్టర్‌పీస్ అన్నాడంటే కాస్త ఎక్కువ చెప్పాడనే అంటాను. 'వెనీ విడి విషస్' పన్నెండు పాటలు, అరగంట కూడా నిండదు, అందులో తీసేయదగ్గది ఒక్కటీ లేదు. ఈ కొత్త దాంట్లో ఒకటి రెండు ఉన్నాయి. అయినా బ్యాండ్ కట్టి ముప్పై ఏళ్ళు దాటిన మనుషులు ఇంత బిగువుగా వాయించడం అరుదు, దానికి మాత్రం పూర్తి మార్కులు వేస్తాను.

పాటలన్నీ ఒకేలా ఉన్నాయన్నావు. ఉంటాయి, వాళ్ళు కావాలనే అలా ఉంచారు. వీళ్ళు మొదట్నుంచీ ఒక చిన్న డబ్బా గీసుకుని దాంట్లోనే ఉన్నారు. బట్టలు నలుపూ తెలుపూ మాత్రమే, సూట్లు తప్పనిసరి. పాటలు పొట్టిగా ఉండాలి. పేర్లు కార్టూన్ విలన్లవిలా ఉండాలి: హౌలిన్ పెల్లె ఆల్మ్‌క్విస్ట్, నికొలాస్ ఆర్సన్, విజిలాంటె కార్ల్‌స్ట్రోమ్, డాక్టర్ మ్యాట్ డిస్ట్రక్షన్. ఈ డాక్టర్ గారు 2013లో బేస్ వదిలేసి వెళ్ళిపోయాక వచ్చినాయన పేరు ది యోహాన్ అండ్ ఓన్లీ. డబ్బాలోంచి బయటికి రావాలని ఒకసారి గట్టిగా చూశారు, 2007లో 'ది బ్లాక్ అండ్ వైట్ ఆల్బమ్'తో. ఒకటి రెండు పాటలకి అమెరికన్ పాప్ గాయకుడు ఫారెల్ విలియమ్స్‌ని ప్రొడ్యూసర్‌గా పెట్టుకున్నారు, పాటల నిడివి పెరిగింది, రంగులు పెరిగాయి. 'టిక్ టిక్ బూమ్' అందులోదే, అది ఇప్పటికీ పేలుతుంది. మిగతాదంతా అతుకుల బొంతలా ఉంటుందని నా అభిప్రాయం. పేరు నలుపు తెలుపే గానీ వీళ్ళ ఆల్బమ్‌లన్నిటిలోకీ రంగులెక్కువ ఉన్నది అదే.

2012లో 'లెక్స్ హైవ్స్' తర్వాత పదకొండేళ్ళు కొత్త ఆల్బమ్ లేదు. 2023 ఆగస్టులో వచ్చింది 'ది డెత్ ఆఫ్ రాండీ ఫిట్జ్‌సిమన్స్'. దీని వెనుక ఉన్న కథ తెలియకపోతే ఈ బ్యాండ్ సగమే తెలిసినట్టు. వాళ్ళు చెప్పుకునేదేమిటంటే, తమని ఒకచోట చేర్చింది రాండీ ఫిట్జ్‌సిమన్స్ అనే ఆయన, పాటలన్నీ ఆయనే రాస్తాడు, ఎవరికీ కనబడడు. రికార్డుల మీద రచయితగా ఆ పేరే ఉంటుంది. అది గిటారిస్టు నికొలాస్ ఆర్సన్ రిజిస్టర్ చేయించుకున్న మారుపేరని ఒక బ్రిటిష్ సంగీత పత్రిక ఎప్పుడో బయటపెట్టింది. అయినా బ్యాండ్ ఒప్పుకోదు. పదకొండేళ్ళ ఖాళీకి వాళ్ళు చెప్పిన కారణం ఏంటో తెలుసా, రాండీ చనిపోయాడట, సమాధి తవ్వితే శవం లేదట, కొత్త పాటల టేపులూ సూట్లూ దొరికాయట. ఇంత గంభీరంగా అబద్ధం చెప్పేవాళ్ళని నేను చూడలేదు.

ఇక్కడే నీ రెండో డౌట్ వస్తుంది. హాయిగా బతికేవాళ్ళకి పంక్ ఎందుకు?

స్వీడన్‌లో కొత్తగా దిగినప్పుడు నాకు అందరికంటే ముందు తగిలింది చలి కాదు, యాంతెలాగెన్. యాంతె ఊరి చట్టం అని అర్థం. 1933లో ఒక డేనిష్-నార్వేజియన్ రచయిత నవలలో పెట్టిన పది సూత్రాలు. సారాంశం ఏమిటంటే, నువ్వేదో ప్రత్యేకమనీ, మాకంటే గొప్పవాడివనీ అనుకోకు. అది ఎగతాళిగా రాసిందే గానీ, ఈ ప్రాంతంలో అందరూ తమ స్వభావాన్ని అందులో చూసుకున్నారు. మొదటి అప్రైజల్‌లో నేను హైదరాబాద్ అలవాటు ప్రకారం నేను చేసిన పనులన్నీ వరుసగా చెప్పుకున్నాను. గదిలో ఎంత ఇబ్బందిగా నిశ్శబ్దం పడిందో ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ 'మేం చేశాం' అనాలి, అదీ గొంతు తగ్గించి.

అలాంటి దేశంలో ది హైవ్స్ గాయకుడు హౌలిన్ పెల్లె స్టేజీ ఎక్కి, మీరు ఇప్పుడు ప్రపంచంలోకెల్లా గొప్ప బ్యాండ్‌ని చూస్తున్నారు, చప్పట్లు సరిపోవట్లేదు, ఇంకా కొట్టండి అని దబాయిస్తాడు. 2001లో బ్రిటన్‌లో విడుదల చేసిన వాళ్ళ సంకలనం పేరే 'మీ కొత్త అభిమాన బ్యాండ్' అని అర్థమొచ్చేలా ఉంటుంది. మన ఆడియో ఫంక్షన్లలో హీరోని వేరేవాళ్ళు పొగుడుతారు, హీరో తల వంచుకుని వింటాడు. ఇక్కడ మధ్యవర్తులు ఎవరూ లేరు, తనని తానే పొగుడుకుంటాడు. బయటి దేశాలవాళ్ళు దీన్ని రాక్ స్టార్ అహంకారమనుకుని నవ్వుతారు. స్వీడన్ జనం ఇంకా గట్టిగా నవ్వుతారు, ఎందుకంటే ఆఫీసులో, స్కూల్లో, అత్తగారింట్లో వాళ్ళు ఎప్పటికీ అనలేని మాటలవి. ఈ ఆల్బమ్ పేరులో బ్యాండ్ పేరు రెండుసార్లు, శాశ్వతం అన్న మాట రెండుసార్లు రావడం కూడా అదే ఆటలో భాగం. డబ్బుల్లేక వచ్చిన కోపం కాదిది, గొంతు పెంచకూడదన్న పద్ధతి మీద వచ్చిన కోపం. పేదరికం లేకపోయినా చిన్న ఊళ్ళో చలికాలం మధ్యాహ్నం మూడింటికే చీకటి పడితే పదిహేనేళ్ళ కుర్రాడికి కోపం రావడానికి ఇంకేం కావాలి!

అయితే స్వీడన్ పంక్ అంతా ఇలా నవ్వులాట కాదు. 1977 జులైలో బ్రిటిష్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ ఇక్కడ పర్యటించారు. అదే ఏడాది స్టాక్‌హోమ్ శివారు రోగ్స్‌వేద్‌లో ఎబ్బా గ్రోన్ అనే బ్యాండ్ పుట్టింది. ఆ పేరు ఎక్కడిదనుకున్నావు? ఒక మాజీ మంత్రిని కిడ్నాప్ చేయాలని పథకం వేసిన జర్మన్ తీవ్రవాదిని పట్టుకోవడానికి పోలీసులు వాడిన సంకేతం. దాన్నే బ్యాండ్ పేరుగా పెట్టుకున్నారు. గాయకుడు యోకిమ్ తోస్ట్రోమ్. వాళ్ళు స్వీడిష్‌లో పాడారు, శివారు అపార్ట్‌మెంట్ల గురించి, పోలీసుల గురించి, ప్రభుత్వం గురించి. నేను ప్రభుత్వం నడిపే స్వీడిష్ క్లాసుల్లో వ్యాకరణం నేర్చుకున్నాను, కోపంగా ఎలా మాట్లాడాలో ఎబ్బా గ్రోన్ పాటల్లో నేర్చుకున్నాను. వాళ్ళ తర్వాత స్వీడిష్‌లో పాడే పంక్ రెండు పాయలైంది. ఒకటి ట్రాల్‌పంక్, అంటే కూనిరాగం పంక్. అస్తా కాస్క్ లాంటివాళ్ళది, నోట్లో ఆడే ట్యూన్లు ఉంటాయి. రెండోది కెంగ్, అంటే బూటు. యాంటీ సైమెక్స్, మాబ్ 47 లాంటి బ్యాండ్లు. పేరుకి తగ్గట్టే బూటుకాలితో తన్నినట్టుంటుంది. నీకు ది హైవ్స్‌కే తలనొప్పి వచ్చింది కాబట్టి బూటు జోలికి ఇప్పుడే పోకు.

తొంభైల్లో కొత్త తరం ఇంగ్లీషుకి మారింది. 1993లో ఓరెబ్రోలో బర్నింగ్ హార్ట్ అనే రికార్డు లేబుల్, అంటే ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ, మొదలైంది. దాని జాబితా చూస్తే ఊళ్ళ పేర్లు భలేగా ఉంటాయి. ఓరెబ్రో నుంచి మిలెన్‌కోలిన్. ఫాగెర్‌స్టా నుంచి ది హైవ్స్, వాళ్ళ కంటే ముందు 59 టైమ్స్ ది పెయిన్. పక్కనే ఉన్న షిన్‌స్కాట్టెబెరి నుంచి నో ఫన్ ఎట్ ఆల్. ఈ ఆఖరి ఊరి జనాభా నాలుగైదు వేలు. మన దగ్గర మండల కేంద్రం కూడా అంతకంటే పెద్దదిగా ఉంటుంది. అక్కడి కుర్రాళ్ళ రికార్డులు దేశదేశాలకీ వెళ్ళాయి.

అదెలా సాధ్యమైందని ఇక్కడివాళ్ళని చాలాసార్లు అడిగాను. వచ్చే జవాబులో రాక్ వీరగాథ ఏమీ ఉండదు, మున్సిపాలిటీ ఉంటుంది. స్వీడన్‌లో 1940ల నుంచి మున్సిపల్ సంగీత పాఠశాలలు పెరుగుతూ వచ్చాయి. పిల్లలకి తక్కువ ఫీజుకి పాఠాలు, అద్దెకి వాయిద్యాలు. మొదట చాలామందికి ప్లాస్టిక్ పిల్లనగ్రోవి చేతికిస్తారు, అది విసుగొచ్చినవాడు గిటార్ వైపు వెళ్తాడు. ఆ తర్వాత స్టడీ సర్కిళ్ళు. 1912లో కార్మిక ఉద్యమం నుంచి పుట్టిన ఎ.బి.ఎఫ్ లాంటి విద్యా సంఘాలు ఉన్నాయి. ముగ్గురు కలిసి ఏదైనా నేర్చుకుంటామంటే గది ఇస్తాయి. అల్లికలు కావచ్చు, స్పానిష్ కావచ్చు, పంక్ కావచ్చు. మా బ్యాండ్ కూడా కాగితాల మీద ఒక స్టడీ సర్కిలే. డ్రమ్స్, యాంప్లిఫయర్లు ఉన్న గదికి నెలకి మనిషికి ఒక సినిమా టికెట్ అంత పడుతుంది. బదులుగా ప్రతివారం హాజరు వేయాలి. ప్రభుత్వాన్ని తిట్టే పాట సాధన చేసి, ప్రభుత్వ గ్రాంటు కోసం హాజరు పట్టికలో సంతకం పెట్టి ఇంటికెళ్ళడం అన్నమాట. మొదట్లో నాకు భలే నవ్వొచ్చేది. 2024 నుంచి ఈ సంఘాలకిచ్చే డబ్బుని ప్రభుత్వం విడతలవారీగా తగ్గిస్తోంది. ఇప్పుడు మా సెల్లార్‌లో ఎవరూ నవ్వట్లేదు.

వ్యవస్థని తిడుతూనే దాని నీడలో బతికే ఈ వింతని అందరికంటే ఇబ్బందిగా మోసినవాళ్ళు ఉత్తరాన ఊమియో ఊరి బ్యాండ్ రెఫ్యూజ్డ్. ఉంటే గింటే మీ రూమ్మేట్ మాస్టర్‌పీస్ అన్న మాట వాళ్ళ 1998 ఆల్బమ్ 'ది షేప్ ఆఫ్ పంక్ టు కమ్'కి దాచుకోవాలి. పెట్టుబడిదారీ వ్యవస్థ కూలిపోవాలని పాడేవాళ్ళు. ఆ ఆల్బమ్ వచ్చిన రోజుల్లోనే అమెరికా టూర్‌లో బ్యాండ్ ముక్కలైంది. ఆఖరి షో వర్జీనియాలో ఒక ఇంటి సెల్లార్‌లో, దాన్నీ పోలీసులు ఆపేశారు. అప్పుడు పట్టించుకోని ఆల్బమ్‌ని తర్వాత తరం నెత్తిన పెట్టుకుంది. 2012లో మళ్ళీ కలిస్తే స్వీడన్ ప్రభుత్వమే వాళ్ళకి సంగీత ఎగుమతి అవార్డు ఇచ్చింది! ఎగుమతి, అదీ వీళ్ళకి. 2024 డిసెంబర్‌లో సొంత ఊళ్ళో ఆఖరి షో వాయించి ముగించారు.

ది హైవ్స్ ఆ దారిన పోలేదు. వాళ్ళ పాటల్లో రాజకీయం సూటిగా కనబడదు. కొందరు పాత పంక్ మిత్రులు అందుకే వీళ్ళని పంక్ కింద లెక్కే వేయరు, సూట్లేసుకున్న రాక్ అండ్ రోల్ అంటారు. ఈ వాదన మా సెల్లార్‌లో నెలకోసారైనా జరుగుతుంది, తెగదు. నాకైతే లేబుల్ ఏదైనా ఫర్వాలేదు. ఒక వేసవిలో వాళ్ళ ఓపెన్ ఎయిర్ షో చూశాను. సామాన్లు మోసే కుర్రాళ్ళు తలకి నల్లగుడ్డ చుట్టుకుని నింజాల్లా స్టేజీ మీద తిరుగుతుంటారు. ఒక పాట మధ్యలో ఐదుగురూ ఎక్కడివాళ్ళు అక్కడ శిలల్లా ఆగిపోయారు. ఒకడి చెయ్యి గాల్లో ఉంది, ఒకడి కాలు గాల్లో ఉంది. వేలమంది జనం అరుస్తున్నారు, వీళ్ళలో కనురెప్ప కదలదు. మా డ్రమ్మర్ నా పక్కనే ఉన్నాడు. చూశావా అన్నట్టు నా వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. నెల రోజులు మాతో ఆగడం సాధన చేయించిన మనిషి కదా.

అక్కడ గేటు దగ్గరే ఇయర్‌ప్లగ్‌లు చేతిలో పెట్టారు. స్వీడన్‌లో పెద్దల షోలకి సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని నియమం, పదమూడేళ్ళలోపు పిల్లల్ని రానిస్తే 97. పంక్ షోలో కూడా శబ్దాలు సర్దే మిక్సర్ పక్కన ఒకడు మీటర్ చూస్తూ కూర్చుంటాడు. నువ్వు కూడా ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ సగం దాటించకు. ఈ పాటల్లో బిగువు శబ్దం పెంచితే వచ్చేది కాదు, తక్కువలో కూడా వినిపిస్తుంది. వినిపించకపోతే ఆ పాట బాగోలేదని లెక్క.

ఇక ఏ వరుసలో వినాలో అడిగావనుకుని చెప్తున్నాను. ముందు నేను చెప్పిన పాత పాట, తర్వాత అదే ఆల్బమ్‌లో 'మెయిన్ అఫెండర్'. నచ్చితే 'వెనీ విడి విషస్' మొత్తం ఒకే ఊపున, అరగంటే కదా. అప్పుడు కొత్త ఆల్బమ్. అప్పటికీ గోలగానే ఉంటే వదిలేయ్, బలవంతం ఏమీ లేదు, నాకు ఇప్పటికీ హెవీ మెటల్ సంగీతంలో సగం ఎక్కదు. నచ్చితే మాత్రం అటు నుంచి స్టాక్‌హోమ్ బ్యాండ్ వయాగ్రా బాయ్స్ వైపు వెళ్ళు. 2025 ఏప్రిల్‌లో వాళ్ళదీ కొత్త ఆల్బమ్ వచ్చింది. వాళ్ళ 2018 మొదటి ఆల్బమ్‌లో కూడా పెల్లె గునర్‌ఫెల్ట్ చెయ్యి ఉంది. ది హైవ్స్ ఎంత ఇస్త్రీ బట్టలో వీళ్ళు అంత మాసిన బనీను, శాక్సోఫోన్ కూడా ఉంటుంది. నీకు ఇదే ముందు ఎక్కినా ఆశ్చర్యపోను.

మీ వాడికి ఒక్క మాట చెప్పు. స్పీకర్‌లో బాస్ బూస్ట్ బటన్ ఆన్ చేసి వింటుంటాడు, నాకు తెలుసు, హాస్టల్లో అందరూ అంతే. ఈ ఆల్బమ్‌కి అది ఆపేయమను. బేస్ ఉబ్బిపోయి ఆ ఖాళీలన్నీ పూడుకుపోతాయి. ఆపేశాక కూడా వాడు మాస్టర్‌పీసే అంటే ఏ పాట చూసి అంటున్నాడో అడిగి ఇక్కడ రాయి, మాట్లాడుకుందాం.